పెన్నకు ఎదురెక్కి ద్రాక్షతోటలకు

ఫ్రాన్సు దక్షిణపు అంచున, మధ్యధరా సముద్రం ఒడ్డున, ఎండ బాగా కాసే లాంగ్‌డాక్ అనే సీమ ఉంది. అక్కడి ద్రాక్షతోటల్లో ఊరూరా వైన్ రుచి చూస్తూ తిరగడం ఒక విహారం. తెలిసినవాళ్లు వేసవి గుంపులు వెళ్లిపోయాక పోతారు. అప్పుడు రైతుకు తీరిక ఉంటుంది, అడిగినదానికి జవాబు దొరుకుతుంది. అలాంటి యాత్ర ఒకటి చేయాలని నాకు చాలాకాలంగా ఉండేది. బెంగళూరులో ఉండే మా తమ్ముడితో ఆ మాటే అంటే, "సముద్రం ఒడ్డుదాకా ఎందుకక్కా? పెన్న పుట్టే కొండ కిందనే ద్రాక్షతోటలు ఉండాయి. జూలైలో రండి, ఎవురూ ఉండరు" అన్నాడు. అలా రైల్వే కోడూరు దగ్గరి మా ఊరు మంగంపేట నుంచి ఆ నంది కొండలకు బయలుదేరాం, నేనూ మా ఆయనా.

మంగంపేట అంటే ముగ్గురాయి. పుస్తకాల్లో బెరైటీస్ అంటారు. ఒకేచోట ఇంత పెద్ద నిక్షేపం ప్రపంచంలో మరెక్కడా లేదు. సుమారు 7.4 కోట్ల టన్నులని లెక్క. చూడటానికి మామూలు బూడిదరంగు రాయి, చేతిలోకి తీసుకుంటేనే దాని సంగతి తెలుస్తుంది. నీటికంటే నాలుగు రెట్లకు పైగా బరువు. ఆ బరువే దాని విలువ. చమురు బావి తవ్వేటప్పుడు లోపలి ఒత్తిడికి నూనె, గ్యాసు ఎగదన్నకుండా ఈ రాతిపొడిని బురదలో కలిపి బావిలోకి దించుతారు. అందుకే మా ఊరి రాయి గల్ఫ్‌కీ అమెరికాకీ పోతుంది. కోడూరు, రాజంపేట పిల్లలు కువైట్‌కు పోయేదీ ఆ చమురు వల్లనే. మా ఆయన చాలా ఏళ్లు పొడి మిల్లులో లెక్కలు చూశారు. రాయి చేతికి తగిలితే చాలు, సాంద్రత 4.2 ఉందా, 4.1 ఉందా అని మనసులోనే తూచుకుంటారు.

జూలై మొదట్లో రైల్వే కోడూరు దారిలో మామిడి సందడి తగ్గిపోతుంది. బేనీషా ఎప్పుడో వెళ్లిపోయింది, తోతాపురి లారీలు చిత్తూరు వైపు గుజ్జు ఫ్యాక్టరీలకు పోతున్నాయి. చివర్న వచ్చే నీలం కాయలు మాత్రం మండీల ముందు కుప్పలుగా ఉన్నాయి. రాజంపేట దారిలో నేరేడు పండ్లు గంపల్లో పెట్టుకుని ఆడవాళ్లు కూర్చున్నారు. ఒక పొట్లం కొని, నాలుక ఊదారంగు అయ్యేదాకా తిన్నాం. తాళ్లపాక దగ్గర 108 అడుగుల అన్నమయ్య విగ్రహం దూరం నుంచే కనిపిస్తుంది. ఇంకొంచెం పోతే చెయ్యేరు. 2021 నవంబరులో అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగినప్పుడు ఈ ఏరు ఊళ్లకు ఊళ్లను ఊడ్చుకుపోయింది. మేము చూసినప్పుడు ఇసుకే తప్ప నీటి చుక్క లేదు. కరువు, వరద రెండూ తెలిసిన ఏరు ఇది. దీని ఎగువ పాయల్లో ఒకటైన బాహుదా మదనపల్లె వైపు నుంచి వస్తుంది. చెయ్యేరు చివరికి పెన్నలో కలుస్తుంది. అంటే మేము పోయే దారంతా నీటికి ఎదురెక్కడమే.

రాజంపేట దాటి రాయచోటి వైపు తిరిగితే కొండలు దగ్గరకు వస్తాయి. రోడ్డు మెలికలు తిరుగుతూ ఎక్కుతుంది. ఈ కొండల వరసలు ఎర్రచందనానికి పుట్టినిల్లు. ప్రపంచంలో ఈ చెట్టు తనంతట తాను పెరిగేది తూర్పు కనుమల దక్షిణపు కొసలో ఉన్న ఈ కొద్ది జాగాలోనే. మట్టి తక్కువ, రాయి ఎక్కువ, వాన ఎప్పుడొస్తుందో తెలియని నేల. అక్కడ నిదానంగా, ఏళ్లకు ఏళ్లు పెరిగి లోపల ఎర్రని చేవ పట్టిన చెట్టుకే ధర. రాయచోటిలో వీరభద్రుడికి దండం పెట్టుకుని, పూటకూళ్ల ఇంట్లో సంగటి తిన్నాం. వేడి రాగి సంగటి మధ్యలో గుంట చేసి నెయ్యి పోసి, పక్కన నాటుకోడి పులుసు, చెనగవిత్తనాల ఊరుమిండి పెట్టారు. వడ్డించే పెద్దమ్మ మా విస్తర్లు ఖాళీ కానీయలేదు. "దూరం పోతాండారు, కడుపు చల్లగా ఉండల్ల" అని మజ్జిగ రెండోసారి పోసింది.

గుర్రంకొండ కోటను ఎడమవైపు పెట్టుకుని మదనపల్లె చేరేసరికి గాలి మారిపోయింది. మా ఊర్లో జూలైలో కూడా ఒళ్లు కాల్చే గాలి, ఇక్కడ తువాలు కప్పుకోవాలనిపించేంత చల్లన. ఈ చల్లదనం కోసమే వందేళ్ల కిందట ఊరి బయట ఆరోగ్యవరంలో క్షయరోగుల ఆసుపత్రి కట్టారు. 1919లో రవీంద్రనాథ్ టాగూరు ఇక్కడి దివ్యజ్ఞాన కళాశాలలో కొన్నాళ్లు ఉండి జనగణమనను ఇంగ్లీషులోకి తెచ్చారు. మార్గరెట్ కజిన్స్ ఆ పాటకు స్వరం రాసి పెట్టారు. ఇప్పుడు ఊరి పేరు చెప్పగానే గుర్తొచ్చేది టమాటా మార్కెట్టు. తెల్లవారక ముందే క్రేట్లతో నిండిన ఆ యార్డులో నిలబడితే ఒక సంగతి కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. టమాటా ఏ ఊరి చేలో కాసిందని ఎవరూ అడగరు. ఎన్ని కిలోలు, ఎంత గట్టిగా ఉంది, ఎన్నాళ్లు నిలుస్తుంది, అంతే.

రాష్ట్రం దాటినట్టు బోర్డులు చెప్పాలి గాని మనుషులు చెప్పరు. చింతామణిలో టీకొట్టు అబ్బాయి కన్నడంలో ఫోను మాట్లాడుతూనే మాకు తెలుగులో టీ అందించాడు. కోలారు, చిక్కబళ్లాపురం, గౌరీబిదనూరు వైపు ఎన్నో ఇళ్లలో ఇప్పటికీ తెలుగే మాట్లాడతారు. బడి, ఆఫీసు కన్నడం. ఈ రెండింటి మధ్య వాళ్లకు పేచీ ఉన్నట్టు మాకు ఎక్కడా కనిపించలేదు. చింతామణి దగ్గర కైవారంలో తాతయ్యగారి మఠానికి వెళ్లాం. కైవార నారేయణ తాతయ్య తెలుగులోనూ కన్నడంలోనూ తత్వాలు చెప్పిన యోగి. భజన చేసే ముసలాయన మా ఊరి పేరు అడిగి, కడప అనగానే బ్రహ్మంగారి మఠం గురించి మాట్లాడాడు. మధ్యాహ్నం మఠం దగ్గరే ఒక ఇంట్లో రాగిముద్ద, ఉప్సారు తిన్నాం. ఉడికించిన ఆకుకూర నీళ్లలో ఉప్పు, దంచిన మిరపకాయల కారం కలుపుకోవడమే ఉప్సారు. మా సంగటిలో బియ్యం కూడా పడతాయి, వాళ్ల ముద్ద ఒట్టి రాగిపిండి. మేము నములుతాం, వాళ్లు మింగుతారు. ఆ ఇంటి ఆడబిడ్డ మమ్మల్ని చూసి మింగే పద్ధతి ఓపిగ్గా నేర్పింది.

చిక్కబళ్లాపురం దగ్గరపడేకొద్దీ ద్రాక్ష పందిళ్లు మొదలయ్యాయి. రాతి కూసాలు పాతి, వాటి మీద తీగలు లాగి, తల ఎత్తున అల్లించిన పందిళ్లు. ఇది బెంగళూరు బ్లూ. మందపాటి తోలు, నల్లటి గుండ్రటి పండు, గింజలు, దూరం నుంచే తెలిసే ఘాటైన వాసన. 2013లో దీనికి భౌగోళిక గుర్తింపు వచ్చింది. మిగతా ద్రాక్ష రకాలకంటే వానను, తెగుళ్లను ఓర్చుకుంటుంది, ఏడాదికి రెండు కోతలు ఇస్తుంది. పందిరి కింద పండ్లు కోస్తున్న రైతు మమ్మల్ని పిలిచి ఒక గుత్తి చేతిలో పెట్టాడు.

"ఏ ఊరమ్మా మీది?"

"కడప అవతల, కోడూరు దగ్గర."

"అట్లయితే మా వాన నీళ్లు మీ జిల్లాకే పోతాండె ముందు. ఇప్పుడు ఈడనే ఇంకిపోతాయి."

ఆయన బోరు వెయ్యి అడుగులు దాటిందట. చుట్టుపక్కల అందరిదీ అదే లోతు. ఇప్పుడు బెంగళూరు మురుగునీటిని శుద్ధి చేసి కందవార చెరువు మొదలుగా ఇక్కడి చెరువులు నింపుతున్నారు. దానితో భూమిలో తడి కొంచెం పైకి వచ్చిందని చెప్పాడు. పండ్లకు డబ్బులు ఇవ్వబోతే తీసుకోలేదు. "తోటలోకి వచ్చినోళ్లకు అమ్మం" అన్నాడు. మా కోడూరు మామిడితోటల్లోనూ ఇదే మర్యాద. తోట కాడ తిన్న కాయకు లెక్క ఉండదు.

వైన్ తోటలు వీటికి భిన్నం. నంది కొండల కింద దొడ్డబళ్లాపుర దారిలో గ్రోవర్ తోట ఉంది. కన్వల్ గ్రోవర్ 1988లో ఫ్రెంచి ద్రాక్ష రకాలు తెచ్చి ఇక్కడ నాటారు. వైన్ ద్రాక్షకు సాధారణంగా భూమధ్యరేఖకు 30 నుంచి 50 డిగ్రీల దూరంలోని నేలలు సరిపోతాయని అంటారు. నంది కొండలు పదమూడున్నర డిగ్రీల దగ్గర ఉన్నాయి. మా మంగంపేట పద్నాలుగు. ఒకే ఎండ. తేడా అంతా ఎత్తులో ఉంది. సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల మీద పగలు ఎండ కాసినా రాత్రి చల్లబడుతుంది. ఆ చలికే పండులో పులుపు నిలుస్తుంది. పులుపు పోతే వైన్‌కు ప్రాణం ఉండదు.

తోట చూపించిన కుర్రాడిది గౌరీబిదనూరు. ఇంట్లో తెలుగే. పందిళ్లు లేవు, నడుము ఎత్తులో నిటారుగా తీగల వరసలు. ఆకు పచ్చగా, దట్టంగా ఉంది, ఒక్క గుత్తి లేదు. ఫిబ్రవరి, మార్చి నెలల్లో కోత అయిపోయింది. "పండు లేనప్పుడు వచ్చినారు, చూడను ఏముందని చాలామంది అంటారు. నిజానికి చూడాల్సింది ఇప్పుడేనమ్మా" అని అతను చెప్పిన పాఠం ఈ యాత్రలో నాకు దొరికిన పెద్ద సంపాదన.

లాంగ్‌డాక్‌లో చలికాలం రాగానే తీగ ఆకులు రాల్చి నిద్రపోతుంది. మన దగ్గర ద్రాక్షకు ఆ నిద్ర లేదు. వదిలేస్తే ఏడాది పొడవునా చిగురిస్తూనే ఉంటుంది. అందుకని ఇక్కడ రెండుసార్లు కత్తిరిస్తారు. కోత అయ్యాక ఏప్రిల్‌లో ఒకసారి, సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో ఇంకోసారి. రెండో కత్తిరింపు తర్వాత వచ్చే కాపే వైన్‌కు పోతుంది. అయితే ఆ కాపు ఎంత, ఎలాంటిది అన్నది తేలేది అంతకుముందే. ఏప్రిల్ కత్తిరింపు తర్వాత నెలన్నర, రెండు నెలల్లో కొత్త కొమ్మల కణుపుల్లో మొగ్గలు తయారవుతాయి. లోపల గుత్తి పడాలో, ఒట్టి తీగే పడాలో ఆ రోజుల్లోనే నిర్ణయమైపోతుంది. ఆ సమయానికి నీళ్లు, నత్రజని తగ్గిస్తారు. తీగకు కడుపునిండా పెడితే ఆకు పెరుగుతుంది, కొంచెం కట్టడి చేస్తే మొగ్గలో గుత్తి పడుతుంది. మేము చూస్తున్న ఆ పచ్చటి వరసల్లో వచ్చే ఏడాది పండు అప్పటికే కూర్చుని ఉంది. కుర్రాడు ఒక కణుపు మీద వేలు పెట్టి చూపించాడు. కంటికి కనిపించేది చిన్న బుడిపె, అంతే. ఆ బుడిపె ముందు నేను చాలాసేపు నిలబడ్డాను. పని లేని కాలం అని మనం అనుకునే రోజుల్లోనే పంటకు సంబంధించిన అసలు నిర్ణయాలు జరుగుతున్నాయి.

మా ఆయన వంగి గుప్పెడు మట్టి తీసుకున్నారు. ఎర్రటి గరుపు నేల, చిన్న రాళ్లు కలిసినది. అలవాటు కొద్దీ అరచేతిలో తూచారు. "తేలికే" అన్నారు. కుర్రాడు ఆ మాట పట్టుకుని, "ఈ మట్టిలో సారం ఎక్కువ ఉంటే మాకు కష్టమండీ" అన్నాడు. నీరు నిలవని, సారం తక్కువైన నేలలో వేర్లు లోతుకు పోతాయి, పండు చిన్నదవుతుంది, తోలు పాలు ఎక్కువవుతుంది. రంగూ వగరూ వాసనా ఉండేది ఆ తోలులోనే. కరువు, ఉప్పునీళ్లు తట్టుకునే అడవి ద్రాక్ష వేరు మీద ఫ్రెంచి కొమ్మను అంటుకట్టడం మన దేశపు తోటల్లో మామూలు. వేరు మొండిది, పండు సున్నితమైనది.

లోపల స్టీలు ట్యాంకుల వరసలు. ఎర్ర వైన్‌కు పండును తోలుతోనే పులియబెడతారు, తెల్లదానికి ముందే పిండి తోలు తీసేస్తారు. ఆ తర్వాత చల్లటి చీకటి గదిలో ఓక్ చెక్క పీపాలు. రుచి చూసే గదిలో మేము తప్ప ఎవరూ లేరు. గ్లాసును వెలుగుకు పట్టి రంగు చూడటం, తిప్పి వాసన పీల్చడం, నోట్లో కొంచెం పోసుకుని నాలుక నిండా తిప్పడం, చివర పక్కనున్న పాత్రలో ఉమ్మేయడం. తెల్లటి సోవిన్యాన్ బ్లాంక్‌లో జామకాయ వాసన స్పష్టంగా తెలిసింది, వెనకాల పచ్చిమామిడి పులుపు. షిరాజ్ అనే ఎర్ర రకంలో ముందు మిరియం ఘాటు, తర్వాత చిగుళ్లను పట్టేసే వగరు. అప్పుడు నాకు గుర్తొచ్చింది రాజంపేట దారిలో తిన్న నేరేడు. నోరు ముడుచుకునేలా చేసి, ఆ తర్వాత తీపి చూపించే వగరు అదే. ఉగాది పచ్చడి తినే నాలుకకు వైన్ రుచి చూడటం కొత్తేమీ కాదు. ఒక్కో రుచిని విడివిడిగా పట్టుకుని, మళ్లీ కలిపి చూడటం మనకు చిన్నప్పటి నుంచి వచ్చిన విద్యే.

అక్కడ కూర్చుని ఉండగా మనసులో ఒక బరువు కదిలింది. మా తరం ఆడవాళ్లకు మందు అంటే సారా ప్యాకెట్టు. కూలి డబ్బు ఇంటికి రాకపోవడం, రాత్రుళ్లు అరుపులు, పొద్దున్నే వాపు తేలిన ముఖాలు. మా పక్క జిల్లా నెల్లూరులో దూబగుంట ఆడవాళ్లు 1992లో సారా అంగడి మూయించి మొదలుపెట్టిన పోరాటం రాష్ట్రమంతా పాకింది. 1993 అక్టోబరులో సారా నిషేధం వచ్చింది, 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం. రెండేళ్లలో అది సడలిపోయింది. ఆ ఆడవాళ్లు గెలిచినది, ఓడినది రెండూ నాకు గుర్తున్నాయి. అందుకే ఈ గదిని, ఆ అంగడిని ఒకే గాటన కట్టలేను, అలాగని వేరువేరు అని చేతులు దులుపుకోనూలేను. ఇక్కడ నోట్లో పోసుకున్నది ఉమ్మేయడం మర్యాద. మత్తు కాదు, రుచి కావాలి. ఆ తేడా చేతిలో డబ్బూ తీరికా ఉన్నవాళ్లకు సులువు. ఒళ్లు హూనం చేసుకుని ఇంటికొచ్చే మనిషికి సులువు కాదు. రుచి అనేది కూడా ఒక సౌకర్యమేనని, అది అందరికీ అందనంతకాలం దాన్ని గురించి గర్వపడకూడదని నాకు అనిపించింది.

మరుసటి పొద్దున మంచులో నంది కొండ ఎక్కాం. 1,478 మీటర్ల ఎత్తున గాలి మనిషిని తోసేస్తోంది. ఈ కొండల వరసలోనే పెన్న పుడుతుంది. ఇక్కడి నుంచి హిందూపురం వైపు దిగి, అనంతపురం జిల్లా దాటి, గండికోట దగ్గర కొండను కోసుకుని, కడప నేలను తడిపి, నెల్లూరు దాటి సముద్రంలో కలుస్తుంది. దాదాపు 600 కిలోమీటర్ల నడక. చిత్రావతి, పాపాఘ్ని కూడా ఈ చుట్టుపక్కల పుట్టినవే. రాయలసీమ తాగే నీటికి ఇది తలాపు. కొండ కింద భోగ నందీశ్వరుడి గుడి వెయ్యేళ్లకు పైబడినది. చుట్టూ మెట్లతో ఉన్న కోనేటి గట్టున కూర్చుంటే, ఒక పెద్దాయన వచ్చి, మీది ఏ ఊరని అడిగి, దగ్గరలోని ముద్దేనహళ్లి తప్పకుండా చూడమన్నాడు. మోక్షగుండం విశ్వేశ్వరయ్య పుట్టిన ఊరు. ఆయన పూర్వీకుల మోక్షగుండం గిద్దలూరు దగ్గరిది, ఒకప్పటి కర్నూలు జిల్లాలోది. మనుషులూ మాటలూ ఈ కొండకు ఎక్కుతూ వస్తే, నీళ్లు మన వైపు దిగుతూ వచ్చాయి.

తిరుగు దారిలో నేనూ మా ఆయనా మాట్లాడుకున్నదంతా ఒకటే విషయం. మంగంపేట మట్టికి బరువును బట్టి ధర. తవ్విన రాయి ఓడెక్కిపోతే దాని చోట మిగిలేది గొయ్యి. అది మళ్లీ పూడదు. ఎందరికో అన్నం పెట్టిన గని అది, దాన్ని నేను తక్కువ చేయను. నంది కొండ కింద మట్టికి రుచిని బట్టి ధర. ప్రతి ఏడూ అమ్ముతారు, మట్టి అక్కడే ఉంటుంది. అంతకంటే ముఖ్యం, ఆ రుచి ఫలానా కొండ కింద, ఫలానా నేలలో పండింది కాబట్టే వచ్చిందని వాళ్లు చెప్తారు, కొనేవాడు నమ్ముతాడు. 1995 ప్రాంతాల్లో మిషెల్ రోలాన్ అనే ఫ్రెంచి నిపుణుడు గ్రోవర్ వాళ్లకు సలహాదారు అయ్యాడు. కర్ణాటక ప్రభుత్వం 2007లో వైన్‌కు విధానం తెచ్చి, ద్రాక్ష, వైన్ కోసం ప్రత్యేకంగా ఒక బోర్డు పెట్టింది. రుచి దానంతట అది పేరు తెచ్చుకోలేదు. దాని వెనక మనుషులు నిలబడ్డారు.

మా కోడూరుకు ఏం తక్కువ? రాళ్లు కలిసిన ఎర్ర నేల, మండే ఎండ, చేతికందని నీరు, తరాలుగా మామిడి చెట్టు భాష తెలిసిన రైతులు. అనంతరాజుపేటలో ఉద్యాన పరిశోధన కేంద్రమూ కళాశాలా ఉన్నాయి. మేము బేనీషా అనే బంగినపల్లి మామిడికి 2017లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. అయినా మండీలో కాయకు పరిమాణం, బరువు, మచ్చ ఉందా లేదా, అంతే లెక్క. ఒకే బేనీషా కొండ వాలున ఒక రుచి, ఏటి ఒడ్డున ఇంకో రుచి అని మా ఊరి పిల్లలకు కూడా తెలుసు. ఆ తెలివికి ధర కట్టే చోటు మాత్రం ఇంకా లేదు. రైల్వే కోడూరులో ఒక చల్లటి గది, బల్ల మీద ఏడెనిమిది తోటల కాయల ముక్కలు, ఒక్కోదాని పక్కన తోట పేరు, నేల రకం, చెట్టు వయసు. రుచి చూసి, నచ్చిన తోట రైతు దగ్గరే కొనుక్కునే వీలు. దీనికి కోట్లు అక్కర్లేదు. పరిశోధన కేంద్రమూ, రైతులూ కలిసి కూర్చుంటే వచ్చే కాపుకే మొదలుపెట్టవచ్చు.

నంది కొండలకు పోవాలనుకునేవాళ్లకు నేను చెప్పేది ఒకటే. కోత పండుగల కాలం కాక, జూలైలోనో ఆగస్టులోనో పోండి. ముందు పందిరి కింద బెంగళూరు బ్లూ రైతుతో మాట్లాడండి, ఆ తర్వాత వైన్ తోటకు వెళ్లండి. ఎప్పుడు కత్తిరించారు, నీళ్లు ఎప్పుడు ఆపారు అని అడగండి. తిరిగొచ్చాక అదే ప్రశ్నలు మీ ఊరి పక్క తోటలో కూడా అడగండి. ఆ రైతుకు జవాబులు తెలుసు. ఇన్నాళ్లూ బరువు అడిగినవాళ్లే గాని, రుచి గురించి అడిగినవాళ్లు ఆయనకు దొరకలేదు.